పదో డోసు

“పదో మనిషిగా నేను మాత్రం కూర్చోను,” అన్నాడు చెకింగాయన, కుర్చీ వెనక్కి జరుపుకుని.

టీకా గదిలో బెంచీల మీదున్న తొమ్మిదిమందీ ఒక్కసారే ఉసూరుమన్నారు. సీసాలో పది డోసులుంటాయి. పదిమంది చేరితేగానీ నర్సు మూత తియ్యదు. తీశాక మిగిలింది పారబొయ్యాల్సిందే. అప్పటికే మూడైంది. నాలుగింటికి గది మూసేస్తారు. కోరింత దగ్గు టీకాకి ఇదే ఆఖరి రోజు.

ఆ తొమ్మిదిమందిలో ఆయన భార్య కూడా ఉంది.

“ఏమండీ, అమ్మాయి ఏమందో మర్చిపోయారా? టీకా కార్డు లేనివాళ్ళ చేతికి పుట్టబోయే బిడ్డనివ్వనంది. వచ్చే నెల నేను ఎత్తుకుని తిరుగుతుంటే మీరు కిటికీలోంచి చూస్తారా?”

ఆ మాట ఆయనకి గట్టిగానే తగిలింది. భార్యకి తెలియకుండా గిలక్కాయ కొని బీరువాలో దాచుకున్న తాత మరి. కానీ ముప్పై ఏళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన బుద్ధి ఎక్కడికి పోతుంది? నర్సు ఇచ్చిన కాగితం తీసి ఊపాడు.

“ఇది ఎవరైనా చదివారా? ఏదైనా జరిగితే బాధ్యత నాదేనట, సంతకం పెట్టాలట. మందు వాళ్ళది, సూది వాళ్ళది, బాధ్యత నాదా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడితే ఎవర్నడగాలి?”

“అడగాల్సిన మాటే బాబాయ్ గారూ,” అంది నర్సు. “చెయ్యి నొప్పి పుడుతుంది. ఒక రోజు జ్వరం రావచ్చు. ఎప్పుడో ఒకరికి ఇంకాస్త ఎక్కువ చేస్తుంది, అందుకే అరగంట ఇక్కడే కూర్చోబెడతాం. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.”

“నువ్వు వేయించుకున్నావా?”

నర్సు కార్డు చూపించింది. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి, తేదీ చదివి, ముద్ర గోటితో గీకి, తిప్పి చూసి ఇచ్చేశాడు.

“మరి మీ డాక్టరో?”

నర్సు మొహంలో ఎందుకో పండగ కనిపించింది. “ఆయన్నే అడగండి,” అంది.

డాక్టరు టీ గ్లాసుతో సరిగ్గా అప్పుడే లోపలికొచ్చాడు. “నేనా? ఎప్పుడో వేయించుకున్నానండీ. కార్డు ఇక్కడే ఎక్కడో...” అంటూ చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబు తడుముకున్నాడు. మళ్ళీ చొక్కా జేబు తడుముకున్నాడు.

చెకింగాయన మొహం చేటంత అయింది.

“చూశారా? టికెట్ లేనివాడి లక్షణం ఇదే. ముందు చొక్కా జేబు, తర్వాత ప్యాంటు జేబు, మళ్ళీ చొక్కా జేబు. ముప్పై ఏళ్ళల్లో ఒక్కడు కూడా వరస తప్పలేదు.”

బెంచీలు గొల్లుమన్నాయి. డాక్టరు టీ గ్లాసు కింద పెట్టేశాడు. “మందంటే నాకు భయం లేదండీ. సూదంటేనే,” అన్నాడు సన్నగా.

“మూడు నెలల్నుంచి వెంటపడుతున్నాను,” అంది నర్సు.

“అయితే ముందు ఆయనకి వెయ్యమ్మా,” అని తీర్పు చెప్పాడు చెకింగాయన. “తర్వాత వీళ్ళందరికీ. అందర్నీ అరగంట చూస్తాను. నేను ఆఖర్న.”

నర్సు సీసా మూత తీసింది. డాక్టరు కళ్ళు గట్టిగా మూసుకుని చెకింగాయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. “అయిపోయింది బాబూ,” అని ఆవిడ రెండుసార్లు చెప్పాకగానీ వదల్లేదు. తర్వాత తొమ్మిదిమందికీ చకచకా అయిపోయాయి.

ఆ అరగంటా చెకింగాయన కాలు ఒకచోట నిలవలేదు. నడుస్తున్న బస్సులోలాగా బెంచీల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఒక్కొక్కర్నీ ఆపి అడిగాడు.

“కళ్ళు తిరుగుతున్నాయా?”

“లేదండీ.”

“గుండె దడగా ఉందా?”

“మీరు అడిగినప్పుడల్లా ఉంటోంది,” అన్నాడు బెంచీ చివరున్న మేస్త్రీ ఒకడు.

ఎవరికీ ఏమీ కాలేదు. డాక్టరైతే ఊరేగింపులో పెళ్ళికొడుకులా వెలిగిపోతూ కనబడ్డవాళ్ళందరికీ చెయ్యి చూపిస్తున్నాడు. మూడూ నలభైకి చెకింగాయన కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

“ఊఁ, కానియ్యమ్మా.”

“సీసా ఖాళీ బాబాయ్ గారూ,” అంది నర్సు. “పది డోసులూ అయిపోయాయి. మీ డోసు డాక్టరు గారికి వెళ్ళింది. మీరే వేయించారు.”

చెకింగాయన ఒక్క ఉదుటున లేచాడు. “ఇదేం అన్యాయం? మంచి సరుకంతా మీలో మీరే పంచుకుంటారా? మాలాంటివాళ్ళకి ఖాళీ సీసాలా?”

“ఇంకో సీసా ఉంది. ఇంకో తొమ్మిదిమంది కావాలి. నాలుగింటిదాకా ఉంటాను.”

ఆయనకి బీరువాలో గిలక్కాయ గుర్తొచ్చింది. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఎదురుగా ఉన్న బస్టాపుకి పరిగెత్తాడు.

“రండి, రండి. నా కళ్ళతో చూశాను. పదిమందికి వేశారు, ఒక్కరికి తుమ్ము కూడా రాలేదు. కాగితమా? కాగితాలన్నీ అలాగే ఉంటాయండీ, సంతకం పెట్టెయ్యండి. అన్నీ అనుమానిస్తే బతకడం ఎలా?”

ముప్పై ఏళ్ళు బస్సుల్లో అరిచిన గొంతు అది. “ఇలా రండి,” అంటే కాళ్ళు వాటంతటవే వచ్చేశాయి. నాలుగుకి అయిదు నిమిషాలుండగా ఎనిమిదిమంది ఆయన వెనక బారు తీరారు. ఇక ఒక్కరు. కూరల సంచీతో ఒకావిడ నించుని అంతా శ్రద్ధగా వింది. భార్య టీకా గది గుమ్మంలోంచి చూస్తోంది.

“వేయించుకుంటానండీ, నాకేం,” అంది కూరల సంచీ ఆవిడ. “ఇంత చెబుతున్నారు కదా. ముందు మీ కార్డు చూపించండి.”

ఎనిమిది తలలూ ఇటు తిరిగాయి.

చెకింగాయన చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబు తడుముకున్నాడు. మళ్ళీ చొక్కా జేబు తడుముకున్నాడు.