మిల్లర్స్ జట్టులో దొంగ

తన జట్టులో దొంగ ఉన్నాడని ఎల్డన్ క్రాల్‌కి జూలైలోనే అనుమానం వచ్చింది. పోతున్నవి బ్యాట్లూ కావు, బంతులూ కావు. సైగలు.

ఎల్డన్ బీవర్ బెండ్ మిల్లర్స్ బేస్‌బాల్ జట్టుకి మేనేజరు. నెబ్రాస్కాలో పిండిమర ఉన్న ప్రతి ఊరూ ఒక జట్టు పెట్టుకుంటున్న రోజులవి. మా ఊరు బీవర్ బెండ్ కూడా తగుదునమ్మా అని ఒకటి పెట్టింది. రెండో వేసవికల్లా అది లీగులో అట్టడుగుకి చేరి అక్కడే కాపురం పెట్టింది. వచ్చే జనంలో సగం ఆట చూడడానికి, సగం నవ్వుకోవడానికి వచ్చేవారు. ఆట కోసం వచ్చినవాళ్లు కూడా కాసేపటికి ఆ రెండో సగంలో కలిసిపోయేవారు.

ఏ బంతి వేయాలో ఎల్డన్ బెంచీ మీంచే సైగ చేసేవాడు. టోపీ ముట్టుకుంటే వేగంగా వెళ్లే బంతి, చెవి ముట్టుకుంటే వంపు తిరిగే బంతి. వేసేవాడు డ్యూయీ, స్వయానా అతని బావమరిది. వంపు బంతి వేశాడంటే చాలు, అవతలివాడు ముందే తెలిసినట్టు కాచుకుని ఉండి కంచె దాటించేవాడు.

"ఎవడో మన సైగలు అమ్మేస్తున్నాడు బావా," అన్నాడు డ్యూయీ.

"నీ బంతికి సైగలు కొనుక్కోవడం కూడా ఎందుకురా," అన్నాడు ఎల్డన్.

అన్నాడే గానీ అనుమానం లోపల తొలుస్తూనే ఉంది. ఆనాటి నుంచి ఆట ఆటకీ సైగలు మార్చేశాడు. పొద్దున్నే కాఫీ తాగుతూ భార్య వెల్మా ఎదుట సాధన చేసేవాడు. కుర్రాళ్లకి పదిసార్లు చెప్పినా ఎక్కనిది ఆమెకి ఒక్కసారికే ఎక్కేది. డ్యూయీని చంకనేసుకుని పెంచిన అక్క మరి. ఒక్క ఆట కూడా మానేది కాదు.

"ఆ గస్ లండీన్ మీద నాకు నమ్మకం లేదు," అంది వెల్మా. గస్ మా ఊరి మంగలి. ఆట ఉన్న రోజున స్కోరుబోర్డు వెనక, దానికున్న కన్నం దగ్గర కూర్చుని అంకెల రేకులు మారుస్తాడు. "ఎప్పుడూ ఆ కన్నంలోంచే చూస్తుంటాడు. కళ్లలో నిలకడ లేదు."

"కన్నంలోంచి చూసేవాడి కళ్లు నీకెలా కనిపించాయి?"

"నన్ను మాత్రం అన్నీ అడుగుతావు. నా తమ్ముడి పరువు గంగలో కలుస్తుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదు."

ఆగస్టులో జట్టుకి డబ్బు పెట్టే పిండిమిల్లు యజమాని కబురు పెట్టాడు. శనివారం పొరుగూరు ఆర్లన్ జట్టు చేతిలో కూడా ఓడితే మిల్లర్స్ జట్టు ఎత్తేస్తారట. జట్టు పోతే ఎల్డన్‌కి మిగిలేది మామగారి కోళ్ల ఫారంలో గుడ్లు ఏరే పని.

శనివారం జనమంతా చూస్తుండగా గస్‌ని స్కోరుబోర్డు వెనక నుంచి బయటికి రప్పించాడు.

"నేను అందులో కూర్చునేదే మీ ఆట కనపడకుండా ఉంటుందని," అన్నాడు గస్ చిన్నబుచ్చుకుని.

అతని చోట పాస్టరు గారిని కూర్చోబెట్టారు. ఆయనకి కూడికలు అంతంత మాత్రమే గానీ అబద్ధం మాత్రం రాదు. సైగలు కూడా ఆ పొద్దున పుట్టినవే. మోకాలు రుద్దుకుంటే వంపు బంతి.

ఆశ్చర్యం, చివరిదాకా రెండు జట్లూ సమానంగా వచ్చాయి. ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే అప్పటికి గండం గట్టెక్కినట్టే అనిపించింది. ఎల్డన్ దేవుడా అనుకుంటూ మోకాలు రుద్దుకున్నాడు. డ్యూయీ వంపు బంతి వేశాడు. ఆర్లన్ వాడు కొట్టిన దెబ్బకి అది పాస్టరు గారి నెత్తి మీదుగా వెళ్లి మొక్కజొన్న చేలో పడింది, ఆట పోయింది. మిల్లు యజమాని కారెక్కి వెళ్లిపోయాడు.

ఎల్డన్ తిన్నగా ఆర్లన్ వాళ్ల బస్సు దగ్గరికి వెళ్లాడు. వాళ్ల మేనేజరు టీగ్ బ్యాట్లు పైకెక్కిస్తున్నాడు.

"ఇంక జట్టే లేదు, దాచి ఏం లాభం. మా సైగలు మీకు చెప్పిందెవడు? గస్సేనా?"

"పాపం, ఆ పెద్దాయన్ని ఆడిపోసుకోకు," అన్నాడు టీగ్. "నీ సైగలు ఈ లీగులో ఎవరికీ ఈనాటికీ తెలియవు."

"మరి వంపు బంతి వస్తోందని మీకెలా తెలిసేది?"

టీగ్ చేతిలోని బ్యాటు కింద పెట్టాడు. చెప్పడానికి అతనికే మొహమాటంగా ఉన్నట్టుంది.

"నిన్నెవడు చూశాడోయ్? మేమంతా చూసేది మొదటి వరసలో ఉన్న మీ ఆవిణ్ణి. తమ్ముడంటే ప్రాణం కాబోలు, నువ్వు వంపు బంతి వేయమన్నప్పుడల్లా, అతను ఇంకా చెయ్యి ఎత్తకముందే, ఆ ఘోరం చూడలేక రెండు చేతులతో మొహం కప్పేసుకుంటుంది."