డిక్లైన్ అంటే ఏంది?

కొత్త చెకర్ గంగాధర్, అంబవ్వ చుట్టి తెచ్చిన బీడీల్లోంచి రెండు గుప్పిళ్లు ఏరి, పక్క గంపలో పారేశాడు.

"క్వాలిటీ డిక్లైన్ అయింది, అవ్వా."

"అంటే ఏంది సాబ్?" అంది అంబవ్వ.

"దిగజారుడన్నట్టు. గా మాట ఎట్ల వాడాల్నో గూడ చెప్పాల్నా? నీ కండ్లు డిక్లైన్, నీ వేళ్లు డిక్లైన్."

ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతున్నా, ఇంత ఓపికగా చదువు చెప్పిన పుణ్యాత్ముడు ఆమెకు దొరకలేదు. తన వేళ్లను అనుమానంగా చూసుకుంది.

"గవి నాకే వాపసియ్యి సాబ్."

"తీసేసినయి వాపసియ్యం. కార్ఖానా రూలు."

రూలు చెప్పి అలసిపోయాడేమో, గంగాధర్ ఆ గంపలోంచే ఒక బీడీ తీసి ముట్టించాడు. కళ్లు మూసుకుని దమ్ము లాగాడు.

"ఎట్లుంది సాబ్?"

"మస్తుంది."

"డిక్లైన్ అంటే ఏందో గిప్పుడు సమజయింది," అంటూ అంబవ్వ గంపను తన ఒళ్లోకి లాక్కుంది.