పచ్చ గౌను నర్సు

ఐసీయూ నుంచి ఉక్కునగరం క్వార్టర్‌కి వచ్చి నెలైనా, సన్యాసిరాజు నోట ఆ నర్సు మాటే.

"తొందరగా తాగు మావా," అంది భార్య దేవిశ్రీ, గంజి పడుతూ.

"ఆ నర్సు ఇలాగ కసిరేది కాదు."

దేవిశ్రీకి ఒళ్లు మండింది. వండేది, స్నానం చేయించేది తను. పొగడ్తలు మాత్రం ఆవిడకి.

"అంత అందంగా ఉంటాదేటి?"

"ఆ మందుల మత్తులో మొకమెక్కడ సూసినాను? మాస్కే కదా. రోజూ నా సెయ్యట్టుకుని, 'లెగు, షిఫ్టు బస్సెల్లిపోతంది' అనీది. నా డ్యూటీ సంగతి ఆవిడకెలాగ తెలుసో!"

దేవిశ్రీ చేతిలో చెంచా ఆగిపోయింది. ఐసీయూలోకి పంపేముందు రోజూ తనకు తొడిగిన పచ్చ గౌను, మాస్కు గుర్తొచ్చాయి.

గిన్నె కింద పెట్టింది.

"ఆ నర్సు అప్పట్నుంచి కంటినిండా నిద్రపోనేదు మావా," అంది మెల్లగా. "కాస్త జరుగు."