దాచమన్న ఫోటోలు

"ఈ పొద్దుతో ఆ సురేంద్రన్ కత ముగిసిపోతాది నాయనా," అంది సింధుజ, లాప్‌టాప్ తెరిచి.

పళ్ళికొండలో కడుతున్న భవనం స్లాబు కూలి, అక్కడ పనిచేస్తున్న సింధుజ మేనత్త కుప్పమ్మ చనిపోతే, తప్పు ఆమెదేనని చేతులు దులుపుకున్నాడు కాంట్రాక్టరు సురేంద్రన్. సైటు ఫోటోలను, ఆ భవనం కట్టిస్తున్న కంపెనీ వెబ్‌సైటుకు ఎక్కించే స్క్రిప్టును, అతని గుడియాత్తం ఆఫీసులో పనిచేస్తూ స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది సింధుజే. అతను దాచమన్న ఫోటోలను కూడా ఇప్పుడు అందులో చేర్చింది.

చివరి ఫోటో దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అందులో ఆ స్లాబుకు, ఉండాల్సినదానికన్నా సన్నని ఇనుప కమ్ములు కడుతున్నది తన తండ్రి, చెంగల్రాయుడు మేస్త్రీ.

"దీంట్లో నువ్వుండావు నాయనా. తీసేస్తా."

"తీయొద్దమ్మా. సన్నమని తెలిసే కట్టినా. నా చెల్లెల్ని ఆడికి పనికి పిలిచిందీ నేనే."

సింధుజ చెరపబోయిన చేతిని వెనక్కి తీసుకుంది.

చెంగల్రాయుడు ముందుకు వంగి, వేలు చాపాడు. "యాడ నొక్కల్లమ్మా?"

ఆమె ఆ వేలిని పట్టుకుని, ఫోటోలను ఎక్కించే మీట మీద పెట్టింది.