బిజీగా ఉన్న పోర్టు

ఆ పూట షాపు యజమాని చేతిలో ఉన్నవి ఇవి: నేమ్‌ప్లేట్లు చెక్కే పాత మిషను, దానితో మాట్లాడగలదని నిన్ననే కొన్న ఒకే ఒక్క యూనిక్స్ ల్యాప్‌టాప్, రెంటినీ కలిపే వైరు, సాయంత్రానికల్లా సరుకు దింపుతానని కొత్త ఆసుపత్రికి ఇచ్చిన మాట.

లేనిదల్లా ఒక్కటే. ల్యాప్‌టాప్ వెనక వైరు తగిలించే సీరియల్ పోర్టు పలకడం లేదు.

"ఏమంటోందిరా?" అన్నాడు యజమాని, బావమరిది భుజం మీదుగా తొంగిచూస్తూ.

"పోర్టు బిజీ అంటోంది బావా."

"ఎవరితో బిజీ? మన వైరు తప్ప అందులో ఈగ కూడా లేదుగా?"

"నువ్వు నా మెడ మీద ఊపిరి వదలకుండా ఉంటే కనుక్కుంటాను."

వైరు మార్చారు. మిషను ఆపి మళ్లీ పెట్టారు. యజమాని గడియారం చూశాడు, వీధి చూశాడు, మళ్లీ గడియారం చూశాడు. మాట తప్పితే ఆసుపత్రి పనంతా ఎదురు షాపుకి పోతుంది.

అప్పుడొచ్చింది ఒకావిడ. చేతిలో తెల్ల కర్ర, భుజాన బరువైన సంచి.

"మూసేసిన మా ఆఫీసు సామాన్ల వేలంలో ల్యాప్‌టాప్ కొన్నది మీరేనా బాబూ?"

"నేనేనమ్మా. తిరిగి అమ్మను."

"కొనడానికి రాలేదు. కాసేపు దాని ముందు కూర్చోనిస్తే నా పని చూసుకుని వెళ్తాను."

యజమాని కర్రవైపు చూశాడు. చూపు లేని మనిషికి దీనితో పనేమిటి? అడిగేంత తీరిక లేదు.

"ఇవాళ కూర్చున్నవాళ్లకే దిక్కు తోచట్లేదమ్మా. రేపు రండి, రోజంతా కూర్చోండి."

"అప్పటిదాకా ఇలాగే ఉంచుతారుగా?"

"ఎక్కడికి పోతుంది? కాళ్లున్నాయా దానికి?"

ఆవిడ నవ్వి, కర్రతో మెట్టు వెతుక్కుని దిగిపోయింది.

"దొరికాడు బావా దొంగ," అన్నాడు బావమరిది. "ఏదో ప్రోగ్రాం పోర్టును పట్టుకుని కూర్చుంది. ఆపితే మళ్లీ లేస్తోంది."

"వేళ్లతో సహా పీకెయ్."

పీకాడు. పోర్టు పలికింది. తీరా డిజైన్లు ఎక్కించబోతే డిస్కులో చోటు లేదు.

"ఆ ప్రోగ్రాంతో పాటే పెద్ద ఫోల్డరొకటి ఉంది. తెరిస్తే అన్నీ కామాలు, అంకెలు, తలాతోకా లేని అక్షరాలు."

"చెత్తకి అద్దె లేకుండా ఇల్లెందుకు? తీసి పారెయ్."

మిషను గిర్రున తిరిగింది. చీకటి పడకముందే నేమ్‌ప్లేట్లు ఆసుపత్రి చేరాయి.

మర్నాడు ఆవిడ మాట ప్రకారం వచ్చింది. సంచిలోంచి కీబోర్డు లాంటి పరికరం తీసి, పోర్టుకు తగిలించి, వేళ్లు ఆనించి కూర్చుంది.

"చుక్కలు లేవడం లేదే," అంది.

బావమరిది మొహం పాలిపోయింది. "తెర మీది అక్షరాల్ని మీ వేళ్లకి అందించే ప్రోగ్రామా అమ్మా అది? నిన్న తీసేశాను. ఇప్పుడే వేస్తాను."

"తొందరేం లేదు నాయనా. నా ఫోల్డరు ఉంటే చాలు, కాపీ చేసుకుపోతాను. మిగతా కంప్యూటర్లన్నీ తుక్కుకి వేసేశారు."

బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చెత్తనుకున్నామమ్మా," అన్నాడు యజమాని.

"చూపున్నవాళ్లకి అలాగే కనిపిస్తుంది. మళ్లీ తేలేరా?"

"ఆ చోటులోనే మా డిజైన్లు నింపేశాను," అన్నాడు బావమరిది తలొంచుకుని.

ఆవిడ పరికరాన్ని నెమ్మదిగా సంచిలో పెట్టుకుంది.

"అయితే మా బడిపిల్లలకి నేనొక్కదాన్నే మళ్లీ ఒకటో తరగతి వాచకం నుంచి మొదలుపెట్టాలి," అంది, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా నిలబడి యజమాని లెక్క చూసుకున్నాడు: దక్కినవి ఆసుపత్రి పని, నిలబడిన మాట, ఖాళీ అయిన ఒక పోర్టు; పోయింది, చూపులేని పిల్లలు చదివే పుస్తకాలన్నిటినీ ఇన్నేళ్లుగా ఒంటిచేత్తో బ్రెయిలీ చుక్కల్లోకి ఎక్కించిన పంతులమ్మ జీవితం.