కదలని తల

మాటలు మొదలై పావుగంటయినా ఆయన తల ఇటునుంచి అటు కదల్లేదు.

ఈతకొలను మేనేజరమ్మకు ఒళ్ళు జలదరించింది. ఉన్న లైఫ్‌గార్డు చెప్పాపెట్టకుండా మానేశాడు. రేపటికల్లా ఇంకొకణ్ణి పెట్టకపోతే పైవాళ్ళు ఊరుకోరు. వచ్చిందేమో ఈయన ఒక్కడే.

బల్ల మీది కెమెరా కొత్తది. ఎదుటి మనిషి మాట్లాడేటప్పుడు తల ఎంత కదిలిందో లెక్కగట్టి, కదలకపోతే జాలీ దయా లేని రకమని తెర మీద ఎర్ర గీత చూపిస్తుందట. అమ్మినవాడు అరగంటసేపు ఊదరగొట్టి వెళ్ళాడు. పసిపిల్లలు తిరిగే చోటు, ఆమాత్రం జాగ్రత్త ఉండొద్దూ అని ఆవిడే పట్టుబట్టి కొనిపించింది.

ఆయన అడిగినవాటికి పొడిపొడిగా జవాబిస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని అన్నాడు. నవ్వడు, తలాడించడు, చూపు తిప్పడు. రెప్పయినా వేయడేమిటి మహానుభావుడు, అనుకుంది ఆవిడ.

ఉన్నట్టుండి ఆయనే అడిగాడు.

"ఆ నీలం టోపీ పాప ఎవరమ్మా?"

సెలవులని ఆవిడ వెంట తెచ్చుకున్న ఏడేళ్ళ కూతురు. గిరుక్కున తిరిగి, వెనక కిటికీలోంచి చూసింది. పిల్ల కొలను గట్టు మీద గంతులేస్తోంది. హమ్మయ్య.

"మీకెందుకు?"

"ఒక్కతే ఉంది కదా అని."

తెర మీద ఎర్ర గీత పైకి పాకింది.

ఆవిడ ఇక ఆలోచించలేదు. వాచ్‌మన్‌ని పిలిచి, ఈ మనిషిని గేటు దాటించి, కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడమంది.

ఆయన లేచాడు. గుమ్మం దగ్గర మాత్రం ఆగాడు.

"పాపను కనిపెట్టుకుని ఉండండమ్మా. క్షణంలో జరగరానిది జరిగిపోతుంది."

బెదిరిస్తున్నాడా! ఎలాగైతేనేం, గేటు దాటాడు. ఇక పిల్లకు భయం లేదు. అయినా ఇలాంటివాణ్ణి ఊరికే వదలకూడదని పోలీసులకు రాయడానికి కూర్చుంది. ఎంత కర్కోటకుడో తెలిసేలా పూసగుచ్చినట్టు రాసింది.

సాక్ష్యానికి కెమెరా తీసిన వీడియో కూడా జతచేద్దామని తిప్పి చూసింది. ఆయన కళ్ళు తన మీద లేవు. తన భుజం మీదుగా, వెనక ఎక్కడో నిలిచి ఉన్నాయి.

ఏముందక్కడ?

లేచి వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చుంది. అక్కణ్ణుంచి కిటికీలో కొలనంతా కనిపిస్తోంది. గట్టు మీద ఎవరూ లేరు. లోతు వైపు నీలం టోపీ ఒక్కటే తేలుతోంది.

ఉద్యోగం అడగడానికి వచ్చిన ఆ మనిషి, ఈ కుర్చీలో కూర్చున్న క్షణం నుంచే పనిలో ఉన్నాడని ఆవిడకు అప్పుడు తెలిసింది.