తుప్పు వదిలింది

“ఆ ట్రెయిలర్ మీద చెయ్యి వేశావంటే చెయ్యి మిగలదు!” అన్నాడు అన్న.

“వేశాను. ఏం చేస్తావో చేసుకో,” అన్నాడు తమ్ముడు, నిజంగానే దాని వెనక తలుపు మీద అరచెయ్యి ఆనించి. తీసి చూసుకుంటే చేతినిండా తుప్పు.

సిమెంటు దుకాణం పంచుకున్నారు. గోదాం మధ్యలో గోడ కట్టుకున్నారు. ఆఖరికి నిచ్చెనలు కూడా చెరొకటి తీసుకున్నారు. ఈ ఇనప ట్రెయిలర్ దగ్గరే పీటముడి పడింది. ఇది లేనివాడు ఒక్క బస్తా కూడా గడప దాటించలేడు.

“ఇది నా కష్టార్జితం. నాన్న దీనికి ఒక్క మేకు కూడా కొట్టలేదు,” అన్నాడు అన్న.

“నాన్న కొన్నదే. ఈ తలుపు మీద పేరు కూడా రాయించాడు. రంగుల కింద పడిపోయిందంతే. నా కళ్ళతో చూశాను.”

నిజానికి తమ్ముడు ఏ పేరూ చూడలేదు. కాకపోతే ఆ మాట పెళ్ళాంతో చెప్పి, బావమరిదితో చెప్పి, చెప్పీ చెప్పీ ఇప్పుడు ఆ అక్షరాల వంకరలు కూడా కళ్ళకు కడుతున్నాయి.

వరండాలో బట్టలు ఆరేస్తున్న వదిన అక్కణ్ణుంచే అందుకుంది. “అంత కళ్ళారా చూసినవాడివి, గీకి చూపించవయ్యా. చూసి మేమూ తరిస్తాం.”

“గీకుతా. పేరు బయటపడితే?”

“సగం నీది,” అన్నాడు అన్న. “పడకపోతే మళ్ళీ దీని ఊసెత్తకూడదు.”

అమ్మ కూరగాయలకు వెళ్ళింది. ఆవిడ ఇంట్లో ఉంటే కళ్ళనీళ్ళు పెట్టుకుని పని సాగనివ్వదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ వచ్చేలోపు తేల్చెయ్యాలన్న ఒక్క విషయంలో మాత్రం అన్నదమ్ములు ఏకమయ్యారు.

తమ్ముడు గ్రైండర్ ప్లగ్గు పెట్టబోయాడు.

“ఆగాగు! అదెందుకు?” అన్నాడు అన్న. “దాంతో రుద్ది, ఉన్న అక్షరాలు ఎగిరిపోయాయంటావు. చేత్తో గీకు.”

తమ్ముడు గతుక్కుమన్నాడు. సరిగ్గా అదే అందామనుకున్నాడు మరి.

రంగు కరిగించే మందు పూశాడు. కాసేపటికి పాత రంగు పొంగి, పాల మీద మీగడలా ముడతలు పడింది. రేకుతో గీకాడు. బూడిదరంగు కింద ఆకుపచ్చ. ఆకుపచ్చ కింద నీలం. తుప్పు గడ్డకట్టిన చోట ఇనప బ్రష్షుతో రుద్దాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నా దగ్గు ఆగలేదు. చెమటకు తుప్పు కలిసి, ఇటుకబట్టీలోంచి ఇప్పుడే దింపిన మనిషిలా తయారయ్యాడు.

అన్న కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చున్నాడు.

“ఆ మూల వదిలేశావు చూడు. పేరున్నా లేకపోయినా బండికి తుప్పు వదులుతోంది. తమ్ముడంటే ఇలా ఉండాలి!”

“నవ్వు. కాసేపట్లో ఏడుద్దువుగాని.”

“నేనెందుకు ఏడుస్తానురా? నాన్న ఎలాంటి మనిషి! పరాయివాళ్ళ ఉప్పురాయి కూడా ముట్టేవాడు కాదు. ఆయన పేరు చెప్పి అబద్ధమాడుతున్నందుకు నువ్వేడవాలి.”

తమ్ముడు నీలం మీద కసి తీర్చుకున్నాడు. నీలం లేచింది. కింద ఎరుపు. తుప్పు ఎరుపు కాదు, నిగనిగలాడే ఎరుపు. దాని మీద తెల్లటి గీత ఒకటి, పక్కనే ఒక సున్నా.

అతని చెయ్యి ఆగిపోయింది. తాను పుట్టించిన అబద్ధానికి దేవుడే దిగివచ్చి సంతకం చేస్తున్నట్టు ఒళ్ళు పులకరించింది.

“అక్షరం! అన్నా, అక్షరం!”

అన్న కుర్చీని తన్నేసి లేచాడు. వదిన తడి దుప్పటి భుజాన వేసుకునే పరుగెత్తుకొచ్చింది. తమ్ముడు పూనకం వచ్చినవాడిలా రుద్దాడు. ఒక వరస తేలింది. దాని కింద ఇంకో వరస. వదిన కూడబలుక్కుని చదివింది.

“అగ్నిమాపక... కేంద్రం. ప్రభుత్వ ఆస్తి... సొంత పనులకు... వాడరాదు.”

అన్నే ముందు తేరుకున్నాడు.

“నువ్వన్నదే నిజంరా తమ్ముడూ. ఇది నాన్నదే. సగమెందుకు, మొత్తం తీసుకుపో.”

“అదెలా కుదురుతుంది? నీ కష్టార్జితమన్నావుగా!”

“ఏదో మాటవరసకన్నా. పెద్దవాణ్ణి, ఇస్తున్నా. కాదనకు.”

“చిన్నవాణ్ణి, నీ కష్టం నాకెందుకు? నాకొద్దు!”

“నీదే!”

“నీదే!”

పక్కింటి కిటికీ రెక్క తెరుచుకుంది. అన్నదమ్ములిద్దరూ చటుక్కున ట్రెయిలర్ తలుపుకు వీపులానించి, భుజం భుజం కలిపి, కిటికీకేసి నవ్వుతూ నిలబడ్డారు. ఇద్దరూ అంత దగ్గరగా నిలబడి చాలా కాలమైంది.

అప్పుడే గేటు కిర్రుమంది. అమ్మ కూరల సంచీతో లోపలికి వచ్చింది. కొడుకుల మొహాలు చూసింది. ఇద్దర్నీ చెరో పక్కకి జరిపి, తలుపు మీది ఎర్రటి మచ్చనూ తెల్లటి అక్షరాలనూ చూసింది.

తమ్ముడు తుప్పు చేతులు వెనక్కి దాచుకున్నాడు. పోయిన మనిషి పరువు ఆయన భార్య ముందే తన చేతులతో గీకి పారేశాడు.

“అమ్మా, నాన్నకి తెలిసుండదే. ఎవరో ఆయన్ని మోసం చేసి అంటగట్టుంటారు...”

అమ్మ సంచీ కింద పెట్టింది. పెరట్లోకి వెళ్ళి రంగు డబ్బా, రెండు బ్రష్షులు పట్టుకొచ్చి వాళ్ళ చేతుల్లో పెట్టింది.

“నోళ్ళు మూసుకుని చెరో పక్కనుంచీ మొదలుపెట్టండి,” అంది. “ఏడాదికోసారి మీ నాన్న దీనికి సరదా కొద్దీ రంగు వేశారనుకున్నార్రా?”